కోయి కొలనులో పీహెచ్‌కు మందు వేయడం మానండి

ఈ మధ్య నిజాంపేటలో ఉంటున్న ఒక సహోద్యోగి తన పెరట్లో కోయి అనే జపాను రంగు కార్పు చేపలను పెంచే కొలను లెక్కల పుస్తకం నా చేతిలో పెట్టి, చూసి సలహా చెప్పమన్నారు. లాంగ్ నోట్‌బుక్, ప్రతి పేజీలోనూ స్కేలుతో గీసిన నాలుగు గడులు: తేదీ, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె; ఏడు కింద ఆమ్లం, పైన క్షారం), వేసిన మందు, మోతాదు. 8.8, మూడు మూతలు, 8.9, నాలుగు మూతలు, మళ్లీ 8.9, నాలుగు మూతలు. కొలను సామాన్లు అమ్మే ఒక దుకాణంలో, పీహెచ్ ఏడుకూ ఏడున్నరకూ మధ్య లేకపోతే కోయి బతకదని చెప్పి, దాన్ని తగ్గించే సీసా ఇచ్చారట. సీసా తర్వాత సీసా ఖాళీ అవుతోంది కానీ అంకె దిగడం లేదు. ఆ పుస్తకంలో సమయానికి గడి లేదు. ఎప్పుడు చూస్తారని అడిగితే, ఆఫీసు నుంచి వచ్చి కాఫీ తాగాక అన్నారు.

ఆయన శ్రద్ధను నేను తప్పుపట్టడం లేదు. అంత శ్రద్ధ ఉన్న మనిషి కొలనులోనూ నీరు కుదురుగా ఉండకపోవడానికి కారణం, ఆ శ్రద్ధంతా పీహెచ్ అనే ఒక్క అంకె మీదే ఖర్చు కావడమని నా అభిప్రాయం. హైదరాబాదు చుట్టుపక్కల బోరు నీటితో కోయిని పెంచేవాళ్లు పీహెచ్‌ను తగ్గించే పని పెట్టుకోకూడదు. అది 8.2 అయినా 8.4 అయినా ఒకచోట నిలకడగా ఉంటే చేప దానికి అలవాటు పడుతుంది. కనిపెట్టుకుని ఉండవలసింది ఆల్కలినిటీని, అంటే ఆమ్లాన్ని తట్టుకుని పీహెచ్‌ను నిలబెట్టే బైకార్బనేటు వంటి వాటి నిల్వను. ఈ మాటకు వచ్చే అభ్యంతరాల్లో కొన్ని నిజంగా బలమైనవి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

సాయంత్రపు అంకె

ఎండ ఉన్నంతసేపూ గోడల పాచి, నీటిలోని సూక్ష్మమైన నాచు కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటూనే ఉంటాయి. దాంతో పీహెచ్ పెరుగుతూ పోయి సాయంత్రానికి గరిష్ఠానికి చేరుతుంది. చీకటి పడ్డాక చేపలు, బాక్టీరియా, నాచు అన్నీ కలిసి అదే వాయువును నీటిలోకి వదులుతాయి కనుక పీహెచ్ దిగుతూ వచ్చి, సూర్యోదయానికి ముందు కనిష్ఠంగా ఉంటుంది. సాయంత్రం మాత్రమే కొలిచేవారికి ఎప్పుడూ పైఅంకే కనిపిస్తుంది. పైగా తనంతట తానే దిగబోతున్న వేళకు దానికి ఆమ్లం కూడా తోడవుతుంది.

వేసిన ఆమ్లం నీటిలోని బైకార్బనేటుతో కలిసి దాన్ని కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. అందుకే పీహెచ్ వెంటనే పడిపోతుంది, మందు పనిచేసిందనిపిస్తుంది. మర్నాటికి జలపాతం, ఏరేటరు ఆ వాయువును గాలిలోకి తరిమేస్తాయి, మిగిలింది నాచు తీసుకుంటుంది, అంకె మళ్లీ ఎక్కుతుంది. ఖర్చయిన బైకార్బనేటు మాత్రం తిరిగి రాదు. పగటికీ రాత్రికీ మధ్య పీహెచ్ ఊగకుండా ఆపేది ఆ బైకార్బనేటే కనుక, మందు వేసిన కొద్దీ ఊపు పెరుగుతుంది, ఊపు పెరిగిన కొద్దీ సాయంత్రపు అంకె ఇంకా పైకి వెళుతుంది, అది చూసి మరో మూత వేయాలనిపిస్తుంది. ఆ సీసాలో ఉన్నది ఫాస్ఫారిక్ ఆమ్లమైతే, దానిలోని ఫాస్ఫేటు నాచుకు ఎరువవుతుంది కూడా.

ఒక ఆదివారం ఇంకా చీకటి ఉండగానే వాళ్లింటికి వెళ్లాను. కోయిలన్నీ జలపాతం పడేచోట గుమిగూడి మొప్పలు గబగబా ఆడిస్తున్నాయి. పీహెచ్ 6.9. ముందు రోజు సాయంత్రం ఆయన పుస్తకంలో రాసింది 8.9. రెండు పాయింట్ల తేడా అంటే పన్నెండు గంటల్లో హైడ్రోజన్ అయాన్ల గాఢత వంద రెట్లు మారినట్టు. ఆల్కలినిటీ చూడటానికి నేను తీసుకెళ్లిన చుక్కల కిట్టు తీసి, ముందుగా బోరు కుళాయి నీళ్లు ఐదు మిల్లీలీటర్లు గాజు గొట్టంలో పట్టాం. మొదటి చుక్కకు నీలంగా మారింది. వాళ్ల అమ్మాయి ఒక్కొక్క చుక్కా లెక్కపెడుతూ గొట్టం కదుపుతుంటే, పద్నాలుగో చుక్కకు నీలం పోయి పసుపు వచ్చింది. చుక్కకు సుమారు 18 మిల్లీగ్రాములు కాబట్టి లీటరుకు 250. తర్వాత కొలను నీళ్లు పట్టాం. రెండో చుక్కకే పసుపు. పాప నమ్మలేక ఇంకో గొట్టంలో మళ్లీ చేసింది, మళ్లీ రెండే. బోరు పద్నాలుగు చుక్కల నీరిస్తుంటే కొలనులో రెండే మిగిలాయి. పోయిన పన్నెండింటిలో కొన్ని చేపల మేత ఖాతాలోవి, కొన్ని సీసా ఖాతాలోవి.

చేపల మేత ఖాతా కొత్తగా ఈ పెంపకంలోకి వచ్చేవారికి సాధారణంగా తెలియదు. చేప వదిలిన అమోనియాను ఫిల్టరులోని బాక్టీరియా నైట్రేటుగా మార్చేటప్పుడు, ప్రతి గ్రాము అమోనియా నత్రజనికీ ఏడు గ్రాముల పైచిలుకు ఆల్కలినిటీ ఖర్చవుతుంది. మామూలు కోయి మేతలో ఉండే మాంసకృత్తులను బట్టి చూస్తే కిలో మేతకు దాదాపు రెండు వందల గ్రాముల ఆల్కలినిటీ పోతుందని ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. లీటరుకు వంద మిల్లీగ్రాముల చొప్పున పదివేల లీటర్ల కొలనులో ఉండే మొత్తం నిల్వ ఒక కిలో. అంటే నీరు మార్చకపోతే ఐదు కిలోల మేతతో అది తుడిచిపెట్టుకు పోతుంది. గాదె కింద పందికొక్కు చేరినట్టు, అడుగున తరుగుతున్నంతకాలం పైకి ఏమీ తెలియదు. పీహెచ్ రోజూ బాగానే కనిపిస్తూ కనిపిస్తూ ఒక రాత్రి కుప్పకూలుతుంది. ఆల్కలినిటీ యాభై కిందికి దిగితే ఫిల్టరు బాక్టీరియా కూడా మందగిస్తుంది, అమోనియా పేరుకోవడం మొదలవుతుంది.

ఏడున్నర ఎక్కడిది?

ఏడుకూ ఏడున్నరకూ మధ్య ఉండాలన్న సలహా పూర్తిగా గాలిలోంచి పుట్టిందని నేననను. రంగు కార్పులను పెంచి, ఎంపిక చేసి, 1914 టోక్యో ప్రదర్శనతో దేశమంతటికీ పరిచయం చేసినవాళ్లు జపాన్‌లోని నీగాతా కొండపల్లెల రైతులు. అక్కడ మంచు కరిగి పారే నీరు మెత్తనిది, ఖనిజాలు తక్కువ. అలాంటి నీటితో పెంచేవారికి సహజంగా దొరికే అంకె అది. మన బోర్లు గ్రానైటు పగుళ్లలోంచి తోడే నీరు వేరు. గీజరు కాయిల్ మీద పేరుకునే తెల్లటి పొర, కుళాయి మూతి చుట్టూ గట్టిపడే సున్నం చూసినవారికి దాని స్వభావం వేరే చెప్పనక్కరలేదు. ఆ నీటిలో బైకార్బనేటు పుష్కలంగా ఉంటుంది, గాలి తగిలాక దాని పీహెచ్ ఎనిమిది దాటి నిలవడం ధర్మం.

ఇక్కడ ఇంకో తికమక ఉంది. బోరు నుంచి అప్పుడే పట్టిన నీటికి పీహెచ్ చూస్తే ఏడు పైన కొంచెం వస్తుంది. అదే నీటిని బకెట్లో పోసి రాత్రంతా గాలిరాయి పెట్టి ఉంచితే తెల్లారేసరికి 8.2, 8.3 చూపిస్తుంది. భూమి లోపలి పీడనంలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడు బయటికి పోవడమే దీనికి కారణం. ఇది తెలియనివారు కుళాయి దగ్గర ఏడున్న నీరు కొలనులోకి రాగానే ఎనిమిది దాటిందని కంగారుపడి, సిమెంటు మీదో రాళ్ల మీదో నెపం వేస్తారు. పూత వేయని కొత్త సిమెంటు కొలను మొదట్లో పీహెచ్‌ను తొమ్మిది దాటించే మాట నిజమే. ఏళ్లనాటి కొలనుకు ఆ కారణం వర్తించదు.

ప్రదర్శనలకు చేపలను తయారుచేసేవారు మాత్రం కఠిన జలంలో నలుపు మచ్చలు త్వరగా గట్టిపడతాయని, ఎరుపు మీద అక్కర్లేని నల్ల చుక్కలు పడతాయని అంటారు. వాళ్లు ఆర్‌ఓ నీరు కలిపి మెత్తబరచుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. పెరట్లో సాయంత్రం పూట చేపలను చూసుకుని సంతోషించేవారికి ఆ ఖర్చు దండగ.

భీమవరం నుంచి ఒక మాట

మా బాబాయి భీమవరం దగ్గరి ఉండి అనే ఊరి వైపు వనామి రొయ్యల సాగు చేస్తారు. నా వాదన ఫోనులో విని గట్టిగానే అడ్డం తిరిగారు.

"ఏంట్రా అబ్బాయ్, పీహెచ్చు వదిలేయమంటావా? మేం వదిలేస్తే పంట పోద్ది."

"వదిలేయమనడం లేదు బాబాయ్. మందేసి దింపొద్దంటున్నాను, అంతే."

"అలాగైతే సరే. పొద్దున్నెంత, సాయంత్రమెంత అని రెండూ చూడమను. తేడా అర దాటిందా, అప్పుడు కదులు."

ఆయన అన్న ఆ ఒక్క మాటలో దుకాణం సలహా కన్నా ఎక్కువ విషయం ఉంది. అసలు అంకె ఎంతన్నది కాదు, రెండు పూటల మధ్య తేడా ఎంతన్నదే ఆయన చూసుకుంటారు. రొయ్య రైతులు నీటి సీసా పట్టుకుని ల్యాబుకు వెళితే పీహెచ్‌తో పాటు ఆల్కలినిటీ చూపించకుండా తిరిగి రారు. డెల్టాలో ఇంత తెలివిడి ఉండగా హైదరాబాదులో కోయి పెంచేవారి చేతికి పీహెచ్ పేపరు ముక్క ఒక్కటే అందడం నాకు విచిత్రంగా తోస్తుంది.

అలాగని చెరువు వైద్యమంతా పెరటి కొలనుకు పనికిరాదు. రొయ్యల చెరువు నాలుగు నెలల పంట. పట్టుబడి అయ్యాక నీరు తీసి, మట్టి ఎండబెట్టి, సున్నం కొట్టి మళ్లీ మొదలుపెడతారు. కోయి పాతికేళ్లు కూడా బతికే చేప, దాని కొలనును అలా ఎండబెట్టే అవకాశం రాదు. తడి సున్నం చెరువు తయారీలో మంచిదే కావచ్చు కానీ, చేపలున్న పదివేల లీటర్లలో ఒక డబ్బాడు కలిపితే పీహెచ్ ఎక్కడికి పోతుందో చెప్పలేం. ఆల్కలినిటీ పెంచాలంటే వంటసోడా చాలు. అది ఎంత వేసినా పీహెచ్‌ను 8.3 ప్రాంతాన్ని దాటించదు. పదివేల లీటర్లలో యాభై మిల్లీగ్రాములు పెంచడానికి సుమారు 840 గ్రాములు పడుతుంది. దాన్ని నాలుగైదు రోజుల మీద పంచి, బకెట్లో కరిగించి, జలపాతం దగ్గర పోయాలి. ఆల్చిప్పలను వలసంచిలో కట్టి ఫిల్టరులో వేసే పద్ధతి మెత్తటి నీటికి బాగుంటుంది. పీహెచ్ ఎనిమిది పైనున్న మన బోరు నీటిలో అవి కరగనే కరగవు, ఊరికే పాచి పడతాయి.

అమోనియా సంగతి ఏమిటి?

నా వాదనకు ఎదురయ్యే అన్నిటికన్నా గట్టి ప్రశ్న ఇది. పీహెచ్ పెరిగితే అమోనియా విషతుల్యమవుతుందన్నది కాదనలేని రసాయన సత్యం. నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు ఉన్నప్పుడు, మొత్తం అమోనియాలో చేపకు హాని చేసే భాగం పీహెచ్ ఏడు దగ్గర ఒక శాతం లోపే. ఎనిమిది దగ్గర ఏడున్నర శాతం. తొమ్మిది దగ్గర నలభై ఐదు. మన వేసవిలో కొలను నీరు 30 దాటడం మామూలే. అలాంటప్పుడు పీహెచ్‌ను ఏడుకు దించి ఉంచడమే క్షేమం కదా అని అడిగేవారి తర్కంలో లోపం లేదు.

కొత్త కొలను విషయంలో నేను ఈ వాదనకు లొంగుతాను. ఫిల్టరులో బాక్టీరియా కుదురుకోవడానికి పట్టే మొదటి నెలా నెలన్నర కాలంలో అమోనియా తప్పకుండా కనిపిస్తుంది, బోరు నీటి పీహెచ్ దానికి కోరలు తొడుగుతుంది. అయితే ఆ దశలోనూ చేయవలసింది చేపలను తక్కువ వేయడం, మేత బాగా తగ్గించడం, నీరు మార్చడం. ఆమ్లం వేస్తే కొత్తగా పుట్టుకొస్తున్న బాక్టీరియాకు అవసరమైన ఆల్కలినిటీనే తీసేసినట్టు అవుతుంది.

ఫిల్టరు కుదిరిన కొలనులో అమోనియా సున్నా దగ్గర ఉంటుంది కనుక దానిలో ఎంత శాతం విషమన్న ప్రశ్నే రాదు. ప్రమాదమంతా పీహెచ్ కుప్పకూలిన కొలనులో ఉంది. అక్కడ పీహెచ్ 6.5, మొత్తం అమోనియా మూడు మిల్లీగ్రాములు ఉన్నా చేపలు తిరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే ఆ పీహెచ్ దగ్గర విషభాగం పిసరంత. అప్పుడు యజమాని పీహెచ్ తక్కువైందని గాభరా పడి సోడా అంతా ఒకేసారి కుమ్మరించినా, సగం నీరు తీసి బోరు నీరు నింపినా, పీహెచ్ ఎనిమిది దాటుతుంది, అంతసేపూ నిద్రాణంగా ఉన్న అమోనియా గంటల్లో యాభై రెట్లు విషమవుతుంది. నీళ్లు మార్చిన మర్నాడే చేపలు చచ్చిపోయాయని, బోరు నీరే మంచిది కాదని చెప్పేవారి కథలు విన్నప్పుడల్లా నాకు ఇదే అనుమానం. పీహెచ్ పడిపోయిన కొలనులో ముందు అమోనియా చూసి, అది ఉంటే మేత ఆపేసి, రోజుకు ఐదారు శాతం చొప్పున మాత్రమే నీరు మారుస్తూ మెల్లగా పైకి తీసుకురావాలి. నా సహోద్యోగి కొలనులో అదృష్టవశాత్తు అమోనియా అంతగా లేదు. సీసా ఆపించి, సోడా మొదలుపెట్టించాను.

పటిక, ఉప్పు, వాన

ఆకుపచ్చ నీరు తేటపడటానికి పటిక ముక్క తిప్పే అలవాటు బిందెలోని వరద నీటికి సరిపోయేది. కొలనులో అదీ ఆల్కలినిటీ తినేదే. చిల్లగింజ అరగదీసి వేయమనేవారూ ఉన్నారు. దానితో రసాయనపరమైన గొడవ లేకపోయినా, నాచుకు అసలు కారణమైన మేతను అది తగ్గించదు. అమోనియా నైట్రేటుగా మారే దారిలో మధ్యలో పుట్టే నైట్రైటు విషానికి రాతి ఉప్పు మంచి విరుగుడే. అయితే నీరు ఆవిరైనా ఉప్పు పోదు కనుక ప్రతి అమావాస్యకూ పిడికెడు వేయడం మొక్కుబడి అవుతుందే తప్ప వైద్యం కాదు.

వానకు మాత్రం మనవాళ్లు అవసరానికి మించి భయపడతారు. వాన నీటిలో ఆల్కలినిటీ దాదాపు ఉండదన్నది నిజం. లెక్క వేస్తే, నాలుగడుగుల లోతున్న కొలనులో పది సెంటీమీటర్ల భారీ వాన పడినా మారేది ఎనిమిది శాతం నీరు. ఆల్కలినిటీ 150 ఉన్న కొలనుకు అది లెక్కలోకి రాదు, ముప్పై ఉన్నదానికి గండం. మేడ మీది పైపును కొలనులోకి వదిలినవారి సంగతి వేరు, వాళ్ల కొలనులో పడేది కప్పంతటి మీదా కురిసిన వాన.

ట్యాంకరు నీరు

నగరంలో నిలకడను అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది, నా దృష్టిలో, ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ట్యాంకరు. బోరు ఎండిపోగానే ఏ ఊరి బోరు నీరో ఐదువేల లీటర్లు వచ్చి సంపులో పడుతుంది, మళ్లీ వారం ఇంకో చోటి నుంచి. ఒక దానిలో ఆల్కలినిటీ పద్నాలుగు చుక్కలు, మరోదానిలో ఇరవై రెండు; టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల లెక్క) ఒకసారి 500, ఇంకోసారి 1,100. ఇన్ని తేడాలున్న నీటిని కొలిచి చూడకుండా కొలనులోకి తిప్పి, తర్వాత పీహెచ్ ఎందుకు మారిందని సీసా తీయడం అన్యాయం. నల్లా నీరు కలిపేవారికి క్లోరిన్ బెడద అదనం. థయోసల్ఫేటు పలుకులు కరిగించి కలపడమో, తొట్టెలో ఒక రోజు గాలి పట్టించడమో చేయకుండా దాన్ని నేరుగా వదలకూడదు. ఏ నీరైనా వారానికి పదో వంతు మించకుండా, సన్నటి ధారగా కలిపితే వాటి మధ్య తేడాలు చాలావరకు కొలనులోనే సర్దుకుంటాయి.

ఆవిరై తగ్గిన నీటిని నింపుకుంటూ, నీరు మారుస్తూనే ఉన్నానని అనుకునేవారు ఎక్కువ. మండు వేసవిలో రోజుకు ఎనిమిది, పది మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది, లవణాలు మిగిలిపోతాయి, వాటి మీద మరిన్ని లవణాలున్న నీరు పోస్తాం. కొలను అంచున నీటి గీత దగ్గర గరుకుగా తగిలే తెల్లటి పట్టీ అలా వచ్చినదే. పాత నీరు తీసేయకుండా కొత్త నీరు పోయడం మార్చడం కిందికి రాదు.

దీనికి మా ఇంట్లోనే ఒక ఆక్షేపణ ఉంది. వీధిలో బిందెలతో ట్యాంకరు కోసం నిలబడేవాళ్లు ఉండగా, వారానికి వెయ్యి లీటర్లు చేపల కోసం పారబోయడం ఏ ధర్మమని మా ఆవిడ అడుగుతుంది. ఆ నీరు నైట్రేటుతో మొక్కలకు బలమని, కొబ్బరిచెట్టుకూ కరివేపాకుకూ పోతోందని నేను చెప్పే జవాబు సగానికే జవాబు. వెయ్యి లీటర్ల నీటిని రెండు చెట్లు తాగవు.

అందుకే లెక్క రెండో వైపు నుంచి చూడటం మొదలుపెట్టాను. పదివేల లీటర్ల కొలనులో వారానికి వెయ్యి లీటర్లు, 250 ఆల్కలినిటీ ఉన్న బోరు నీటితో మారుస్తూ, కిలో మేత వేస్తే, తీసే నీటితో పోయేది, మేతకు ఖర్చయ్యేది పోను కొలను చివరికి యాభై దగ్గర నిలబడుతుంది. అంటే అంచు మీద. అదే అరకిలో మేత వేస్తే 150 దగ్గర, సోడా అవసరమే లేకుండా నిలుస్తుంది. మార్చే నీటిని సగానికి తగ్గించి 500 లీటర్లు చేసినా, మేత పావుకిలోకు దిగితే మళ్లీ అదే 150. మేత తగ్గాలంటే నోళ్లు తగ్గాలి. పెద్ద కోయికి కనీసం వెయ్యి లీటర్లన్నది మామూలుగా చెప్పే లెక్క. నీటికి కరువున్న మన ఊళ్లో దాన్ని పదిహేను వందలు చేసుకుని, పదివేల లీటర్లకు ఆరు చేపల దగ్గర ఆగాలంటాను. ఈ సలహాకు మాత్రం ఇంతవరకు ఎవరూ సంతోషించలేదు. నా సహోద్యోగి కొలనులో ఇరవై మూడు ఉన్నాయి, ఏది ఎవరికివ్వాలో వాళ్లమ్మాయితో తేలడం లేదట.